మేక్ ఇన్‌స్టాల్ కొట్టిన తర్వాత

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత సెషన్ నాకిచ్చారు, కాబట్టి త్వరగానే ముగిస్తాను.

"సోర్స్ నుంచి కంపైల్ చేసుకుంటే స్పీడ్ పెరుగుతుందా సార్?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. మామూలు ప్రోగ్రాములకు మీరు గమనించేంత తేడా ఉండదు. కంపైల్ అంటే ప్రోగ్రామ్ రాసిన కోడ్ (సోర్స్) నుంచి నడిచే ప్రోగ్రామ్‌ని మనమే తయారు చేసుకోవడం, మేక్ ఇన్‌స్టాల్ అంటే అలా తయారైనదాన్ని సిస్టమ్‌లో పెట్టే కమాండ్. నేను చెప్పదలచుకున్నది ఆ కంపైల్ అయిపోయాక మొదలయ్యే కథ.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడింది. వెబ్‌సైట్ల సమాచారాన్ని రహస్యంగా ఉంచే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో, 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ఉన్న లోపం అది. సర్వర్ మెమరీలోంచి ఒక్కో దఫాకి 64 కిలోబైట్ల దాకా ఎవరైనా తోడుకోవచ్చు. అప్పట్లో నేను డెబియన్ 7 (లినక్స్‌లో ఒక రకం) సర్వర్ ఒకటి చూసుకునేవాణ్ణి. డెబియన్‌లో ప్యాకేజీలు పెట్టే, మార్చే ఆప్ట్‌తో అప్‌డేట్ చేసి, వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎన్జిన్‌ఎక్స్ రీస్టార్ట్ చేసి, హాయిగా టీకి వెళ్లాను. వచ్చి టెస్ట్ చేస్తే ఇంకా కారుతూనే ఉంది!

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ చూస్తే 1.0.1ఇ. పాతదే ఉండిపోయిందని టెన్షన్ పడి అరగంట పోగొట్టుకున్నాను. నిజానికి డెబియన్ వాళ్లు స్టేబుల్‌లో (అందరికీ విడుదల చేసిన డెబియన్‌లో) వెర్షన్ మార్చకుండా పాతదానికే ప్యాచ్ వేస్తారు. చూడాల్సింది చివర ఉన్న డెబ్7యు5 అనే తోకని. అది సరిగ్గానే ఉంది.

అప్పుడు ఒక ప్రోగ్రామ్ ఏ బయటి లైబ్రరీలు వాడుతోందో చూపించే ఎల్‌డిడి కమాండ్ కొట్టాను. ఎన్జిన్‌ఎక్స్ వాడే లైబ్రరీల్లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ఫైలు) పేరే లేదు. గుండె గుభేలుమంది. ఏడాది కిందట ప్యాకేజీలో లేని ఒక మాడ్యూల్ (అదనపు భాగం) కోసం ఎన్జిన్‌ఎక్స్‌ని నేనే కంపైల్ చేశాను, కంపైల్‌కి ముందు ఆప్షన్లు తీసుకునే కాన్ఫిగర్‌కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సోర్స్ ఫోల్డర్ చూపించాను. అలా చూపిస్తే ఎన్జిన్‌ఎక్స్ ఆ లైబ్రరీని తన కడుపులోనే కలిపేసుకుంటుంది. ఇక బయటి లైబ్రరీని ఆప్ట్ ఎన్నిసార్లు మార్చినా దీనికి పట్టదు. సొంతంగా కంపైల్ చేసినవి పెట్టే యూఎస్‌ఆర్ లోకల్ ఫోల్డర్ కింద మనం ఏం పెట్టుకున్నామో ఆప్ట్‌కి తెలియదు. తిట్టుకోవాలంటే నన్ను నేనే తిట్టుకోవాలి.

కంపైల్ చేసేటప్పుడు ఏ ఆప్షన్లు ఇచ్చానో రాసి పెట్టుకోలేదు కూడా. కమాండ్ పక్కన పెద్ద అక్షరం వి (-V) ఇచ్చి అడిగితే ఎన్జిన్‌ఎక్స్ తనే చెబుతుంది కాబట్టి బతికిపోయాను. అన్ని ప్రోగ్రాములూ అంత మంచివి కావు. మళ్లీ కంపైల్ చేసి, మెమరీతో పాటు కారిపోయి ఉండొచ్చని సర్టిఫికెట్ కీలు మార్చేసరికి రాత్రి పదకొండయింది.

అలాగని కంపైల్ చేయొద్దని కాదు. వీడియో, ఆడియో ఫైళ్లను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఎఫ్‌డికె ఏఏసీ అనే ఆడియో ఎన్‌కోడర్ కావాలనుకోండి. ఆ ఎన్‌కోడర్ లైసెన్స్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్యాకేజీకి ఉన్న జీపీఎల్ లైసెన్స్‌తో పొసగదు, రెండూ కలిపిన బైనరీని పంచకూడదు. అందుకే డెబియన్ ప్యాకేజీలో అది ఉండదు, మనమే కంపైల్ చేసుకోవాలి.

ఇప్పుడైతే నేను ఆప్ట్ సోర్స్‌తో డెబియన్ వాళ్ల సోర్సే దించి, మార్పు చేసి, డెబ్ ఫైలుగా (డెబియన్ ప్యాకేజీగా) తయారు చేస్తాను. ఏముందో ఆప్ట్‌కి తెలుస్తుంది. దీనికీ ఒక మెలిక ఉంది. కొత్త అప్‌డేట్ వస్తే నా మార్పు కొట్టుకుపోతుంది, మార్చొద్దని ఆప్ట్‌కి చెప్పి హోల్డ్‌లో పెడితే అప్‌డేటే రాదు. అందుకని డెబియన్ సెక్యూరిటీ మెయిళ్లు తెప్పించుకుంటాను. వాటిలో ఎన్జిన్‌ఎక్స్ పేరు కనబడిందా, ఆ సాయంత్రం ఇంటికి ఆలస్యమేనని ముందే ఫోన్ చేసి చెప్పేస్తాను.

ఇక అడగండి.