కడప బండ మీద నిమ్మచెక్క బోర్లిస్తున్నారా?

నమస్కారం అండి. ముందు ఈ మచ్చ చూడండి. మారతహళ్లిలో మా వంటింటి గట్టు ఇది, నల్ల కడప బండ. స్టవ్ పక్కన బూడిద రంగులో గుండ్రంగా ఉంది కదా, నేను నిమ్మచెక్క బోర్లించి మర్చిపోయిన చోటు. మూడు రోజులు రుద్దాను, పోలేదు. ఎలా పోతుంది? అక్కడ అంటుకున్నదేమీ లేదు. రాయే పైపైన కరిగిపోయింది.

కడప, తాండూరు, షాబాద్, కోటా... పేరేదైనా ఇవన్నీ సున్నపురాళ్లే. అంటే కాల్షియం కార్బొనేట్. ఇదిగో, పనికిరాని ముక్కను గీకి కాస్త పొడి రాల్చాను. దాని మీద ఒక చుక్క వెనిగర్. దగ్గరగా చూడండి, బుడగలు. అంటే పులుపు రాయిని కరిగిస్తోందన్నమాట. బాత్రూమ్ యాసిడ్ అయితే ఇంకా ఘోరం.

ఇప్పుడు అసలు తలనొప్పి, మన బెంగళూరు బోరు నీళ్లు. కుళాయి చుట్టూ తెల్లగా పేరుకుంటుంది, ఎవరిని అడిగినా యాసిడ్ పోయమంటారు. నేనూ పోశాను ఒకసారి! ఆ తెల్లటి పొర కూడా చాలావరకు కాల్షియం కార్బొనేటే. మరకా అదే, రాయీ అదే అయినప్పుడు యాసిడ్ దేన్ని వదిలిపెడుతుంది? అందుకే తడిపి, కాసేపు నాననిచ్చి, పాత ఏటీఎం కార్డుతో మెల్లగా గీకండి. ఓపిక కావాలి, నిజమే. రోజూ రాత్రి గట్టు పొడిబట్టతో తుడిచేస్తే ఆ పొర అసలు పేరుకోదు.

రోజువారీ శుభ్రానికి ‘న్యూట్రల్ పీహెచ్’ (అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు) అని రాసి ఉన్న లిక్విడ్ కొంచెం చాలు. తర్వాత మంచినీళ్ల బట్ట, ఆపైన పొడిబట్ట. నూనె మరకైతే వంటసోడాను నీళ్లతో ముద్దలా కలిపి మందంగా పట్టించి, ప్లాస్టిక్ కవర్ కప్పి 24 గంటలు వదిలేయండి. పాత మరకకి రెండు మూడు సార్లు పట్టొచ్చు.

పీజీలు, టిఫిన్ సెంటర్లు నడిపేవాళ్లకి ఒక మాట. మీ నేల బండలకి చెప్పుల ఇసుకే శత్రువు. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద ఇసుక 7 అయితే ఈ రాయిది 3 దగ్గర. ముందు ఊడ్చాకే తడిబట్ట. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా వేయండి.

సీలర్, అంటే మరకలు లోపలికి ఇంకకుండా రాయికి పట్టించే ద్రవం, కావాలా అంటే, బండ మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి పది నిమిషాలు చూడండి. నీళ్లు ఇంకి రాయి ముదురు రంగుకి తిరిగితే కావాలి. అయితే సీలర్ నూనెను ఆపుతుంది గానీ పులుపు తినేయడాన్ని ఆపదు. షాపులో ఈ సంగతి చెప్పరు.

మా అమ్మ పూజ సామాన్లు ఈ గట్టు మీదే చింతపండుతో తోముతుంది. వద్దంటే వినదు. కింద స్టీలు పళ్లెం పెట్టాను. నా నిమ్మకాయ మచ్చకి మాత్రం డైమండ్ ప్యాడ్‌తో పాలిష్ పట్టించాల్సిందే, ఆదివారం మనిషి వస్తానన్నాడు.