మెడ మీది నలుపు, విటమిన్ డి, పీసీఓఎస్

శ్రోతలకు నమస్కారం.

నెలసరి సరిగా రావడం లేదని ఆడపిల్లల్ని డాక్టరు దగ్గరికి తీసుకొచ్చే తల్లులు, మాటల్లో మాటగా ఇంకొకటి చెబుతుంటారు. "మెడంతా నల్లబడిందండీ, శనగపిండి పెట్టి ఎంత రుద్దినా పోవట్లేదు." అమ్మా, అది మురికి కాదు. దయచేసి పిల్ల మెడ రుద్దకండి. మందంగా, మెత్తగా వచ్చే ఆ నలుపు చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్, అంటే రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే హార్మోను, ఎక్కువైందనడానికి గుర్తు.

నెలసరి తప్పడం, ఈ నలుపు రెండూ తరచుగా కనిపించే సమస్య పీసీఓఎస్, అంటే పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. ఆ పేరు వినగానే అండాశయంలో నీటిబుడగలు అంటాం. నిజానికి అవి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. ఈ సమస్య ఉన్న చాలామందిలో కండరాలకు, కాలేయానికి మామూలు ఇన్సులిన్ సరిపోదు. అందుకని క్లోమం ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. అండాశయం మీద మాత్రం ఆ ఇన్సులిన్ గట్టిగానే పనిచేసి, పురుష హార్మోన్లను పెంచుతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, తప్పిపోయే నెలసరి అందువల్లే. సన్నగా ఉన్న అమ్మాయిల్లోనూ ఇది ఉంటుంది. లావు లేదు కదా అని కొట్టిపారేయకండి.

మరి విటమిన్ డి సంగతి? రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కన్నా తక్కువుంటే లోపమే అంటారు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. లోపం ఉన్నవాళ్లకు డి ఇస్తే ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగైందని కొన్ని పరిశోధనల్లో తేలింది, కొన్నింటిలో పెద్ద తేడా కనబడలేదు. కాబట్టి లోపాన్ని సరిచేసుకోవాలి, నిజమే. కానీ దాన్నే పీసీఓఎస్‌కు మందు అనుకోకూడదు.

పొద్దున్నే లేత ఎండలో నిలబడితే చాలనుకుంటాం. డి తయారుచేసే కిరణాలు అప్పుడు చాలా తక్కువ. తిరుపతిలో చేసిన పరిశోధనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపు ఎండే బాగా పనిచేస్తుందని తేలింది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఆ కిరణాలు లోపలికి రావు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. విటమిన్ డి 60,000 యూనిట్ల బిళ్లలు వారానికొకటి చొప్పున డాక్టరు కొన్ని వారాలకే రాస్తారు. పాత చీటీ చూపించి మందుల షాపులో నెలల తరబడి కొనుక్కోవద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

రోజూ చురుగ్గా నడవడం, అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం ఇన్సులిన్‌ను నేరుగా తగ్గిస్తాయి. బరువున్నవాళ్లు అందులో నూటికి 5 వంతులు తగ్గినా చాలామందికి నెలసరి గాడిలో పడుతుంది. పరగడుపు షుగర్ బాగానే ఉందని ఊరుకోకండి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష కూడా చేయమని మీ డాక్టరును అడగండి, ముఖ్యంగా గర్భం కోసం ప్రయత్నిస్తుంటే.