సంతకం పెడితేనే క్షమించినట్టా, అయ్యగారూ?

యాంకర్: కందుకూరు నుంచి ఒక అక్క లైన్‌లో ఉన్నారు. చెప్పండక్కా.

కాలర్: వందనాలయ్యగారూ. వినపడతా ఉందా?

పాస్టర్: వందనాలమ్మా. టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: తగ్గించానయ్యా. మాది పాత బాప్టిస్టు కుటుంబం. మా పెద్దోళ్లు వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, మిషనరీ క్లౌ దొర కాలంలో బాప్తిస్మం తీసుకున్నోళ్లు...

పాస్టర్: 1878 జులై 3. ఒక్కరోజే 2,222 మంది. సంతోషం తల్లీ, ప్రశ్న అడగండి.

కాలర్: అదేనయ్యా. నాన్న పోయాక ఉలవపాడు దగ్గర మామిడి తోట పాసుపుస్తకం మా అన్న తన పేరున ఎక్కించుకున్నాడు. ఇప్పుడు కొనేవాళ్లు చెల్లెలి సంతకం కూడా కావాలన్నారంట. వదిన ఇంటికొచ్చి, ‘విశ్వాసివి గదా, క్షమించి సంతకం పెట్టు’ అంటుంది. ప్రభుబల్ల రోజు చర్చిలో నా ముందు వరసలోనే కూర్చుంటుందయ్యా. రొట్టె, ద్రాక్షరసం పళ్లెం నా దాకా వస్తే చెయ్యి లేవదు. ఆ చిన్న గ్లాసు తీసుకోకుండానే పక్కావిడకు అందిస్తున్నా. ‘అమ్మమ్మా, నువ్వెందుకు తీసుకోవు?’ అని మనవరాలు పైకే అడిగేసింది. క్షమించాలంటే సంతకం పెట్టాలా అయ్యగారూ?

పాస్టర్: ఆగండి. మీ వదిన రెండు సంగతులు కలిపేసింది. బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయం కథ చూడండి. దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. ఒక్క తలాంతే దాదాపు ఆరువేల రోజుల కూలి. వంశమంతా పనిచేసినా తీరదు, రాజు వదిలేశాడు. తోటి దాసుడు ఇతనికి బాకీ పడింది వంద దేనారాలు, దానికి ఇతను వాడి గొంతు పట్టుకున్నాడు. మా బోధకులు చాలామంది దాన్ని చిల్లర అని తేల్చేస్తారు, నాకు నచ్చదు. దేనారం ఒక రోజు కూలి. కూలి చేసుకునేవాడికి మూడు నెలల పైచిలుకు కష్టం చిల్లరా? మీకు జరిగిన నష్టం చిన్నదని ప్రభువు ఎక్కడా అనలేదమ్మా. గొంతు మాత్రం పట్టుకోవద్దన్నాడు.

కాలర్: గొంతేం పట్టుకోలేదయ్యా, మాట్లాడటం మానేశాను.

పాస్టర్: స్టేటస్‌లు పెడుతున్నారా?

కాలర్: అప్పుడప్పుడు. ‘పగతీర్చుట నా పని’ అన్న వచనం.

పాస్టర్: (నవ్వుతూ) వదిన చూడాలనేగా? తీసెయ్యండి. ప్రతివారం మొత్తుకుంటున్నా, వాక్యంతో వాట్సాప్‌లో కొట్టుకోకండని.

కాలర్: మరి సంతకం?

పాస్టర్: యోసేపు తనను అమ్మేసిన అన్నలను చూడగానే వాటేసుకున్నాడా? తమ్ముడు బెన్యామీనును తెమ్మన్నాడు. అతని గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. తమ్ముణ్ణి వదిలేసి పోతారేమో చూశాడు. ‘చిన్నవాణ్ణి పంపెయ్, నేనుంటా’ అని యూదా అన్నాకే తానెవరో చెప్పాడు. మీరు ఈ రాత్రే క్షమించొచ్చు, అందుకు ఎవరి సంతకమూ అక్కర్లేదు. అన్న మీద నమ్మకం కుదరడానికి టైమ్ పడుతుంది. తోట కాగితాలు లాయరుకు చూపించండి. నాన్న వీలునామా రాయకపోతే, క్రైస్తవులకు 1925 వారసత్వ చట్టం ప్రకారం కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. అడిగితే పాపమేం కాదు. వదులుకుంటారా, ఇష్టంగా వదులుకోండి. వదిన వాక్యం చూపించి బెదిరించిందని వదులుకోకండి.

కాలర్: అయితే పెట్టొద్దంటారా?

పాస్టర్: అయ్యో తల్లీ, పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు! లాయరు. ఈలోపు అన్న పేరు పెట్టి ప్రార్థన చెయ్యండి. ‘ప్రభువా, వాడికి బుద్ధి చెప్పు’ అనొద్దు. వాళ్ల పిల్లల కోసం చెయ్యండి. నోరు రాకపోతే పేరొక్కటే చెప్పి ఆమెన్ అనండి.

యాంకర్: థాంక్యూ అక్కా. సింగరాయకొండ నుంచి...

కాలర్: అయ్యగారూ, మా ఆయన తాగొచ్చి కొడతాడు. సంఘంలో ‘డెబ్బై ఏళ్ల మార్లు’, అంటే ఎన్నిసార్లయినా, క్షమించమంటున్నారు...

పాస్టర్: దెబ్బలు తినమని ఆ వచనంలో లేదమ్మా. పేరు చెప్పకండి. ఈ పూటే పుట్టింటికి వెళ్లండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి. లైన్ కట్ చెయ్యొద్దు, ప్రోగ్రాం అయ్యాక నేను మాట్లాడతా.

యాంకర్: లైన్‌లోనే ఉండండమ్మా. పొదిలి నుంచి అన్న, త్వరగా అన్నా.

కాలర్: మా చర్చి సెక్రటరీ గురించి సార్. ఆయనొచ్చి సారీ చెబితే నేను రెడీ...

పాస్టర్: సిలువ దగ్గర ప్రభువుకు సారీ చెప్పిందెవరయ్యా? ‘వీరిని క్షమించుము’ అని ముందే అన్నాడుగా.

కాలర్: అది కాదు సార్, లెక్కల్లో...

పాస్టర్: లెక్కలు జనరల్ బాడీలో గట్టిగా అడుగు. స్టేటస్ మాత్రం పెట్టకు.

కాలర్: పొద్దున్నే పెట్టేశాను సార్.

యాంకర్: టైమ్ అయిపోయిందండీ. వచ్చే వారం కలుద్దాం.