దోస్తు ఇల్లు ఎక్కడ? సబ్‌టైటిల్స్ ఆపేసి చూసిన ఇరాన్ సినిమా

అందరికీ నమస్తే. ఇవాళ మాట్లాడబోయే సినిమా ఇరాన్‌ది. 1987లో వచ్చింది. నిడివి 83 నిమిషాలు. తీసింది అబ్బాస్ కియరోస్తామీ. ఫార్సీలో పేరు 'ఖానేయే దూస్త్ కొజాస్త్'. పేరు మధ్యలో ఉన్న మాట చెవిన పడిందా? దూస్త్. మన దోస్తే. దోస్తు ఇల్లు ఎక్కడ అని అడుగుతోంది ఈ సినిమా.

కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కోకెర్ అనే పల్లెటూళ్ళో ఎనిమిదేళ్ళ అహ్మద్. క్లాసులో వాడి పక్కన కూర్చునే పిల్లాడు మొహమ్మద్ రెజా నెమత్‌జాదే. వాడు హోంవర్క్ నోట్‌బుక్‌లో కాకుండా విడి కాగితం మీద రాసుకొచ్చాడని మాస్టారు ఆ కాగితం చింపేస్తాడు. ఇంకొక్కసారి ఇలా చేస్తే స్కూల్నించి పంపించేస్తానంటాడు. పిల్లాడు వెక్కివెక్కి ఏడుస్తాడు. సాయంత్రం ఇంటికెళ్ళి సంచీ తీస్తే అహ్మద్‌కి ఒకేలాంటి నోట్‌బుక్కులు రెండు కనిపిస్తాయి. ఒకటి తనది, ఒకటి దోస్తుది. రేపు పొద్దున్నలోగా అది వాడికి చేరాలి. వాడుండేది కొండకి అవతల పోష్తే అనే ఊళ్ళో. ఇల్లు ఎక్కడో వీడికి తెలీదు. అంతే కథ.

ఈ సినిమా నాకు దొరికిన తీరు చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన పద్ధతికీ అదే కారణం. డిగ్రీలో ఉన్నప్పుడు వారానికి ఒక సినిమా చూపించే చిన్న గుంపు ఒకటి ఉండేది. ఎవరి దగ్గరో హార్డ్ డిస్క్, ఎవరి దగ్గరో స్పీకర్లు, గోడకి తెల్ల దుప్పటి. ఆ రోజు ఈ సినిమా పెట్టారు. పెట్టిన ఐదు నిమిషాలకే తెలిసిపోయింది, సబ్‌టైటిల్స్ పది సెకన్లు వెనక నడుస్తున్నాయని. మాస్టారు తిట్టడం అయిపోయి పిల్లాడు ఏడుస్తుంటే, కింద ఇంకా తిట్లు వస్తున్నాయి. అమ్మ మాట పిల్లాడికి, పిల్లాడి మాట అమ్మకి అంటుకుంటోంది. ఇరవై నిమిషాలు తంటాలు పడ్డాం, కుదరలేదు. కొందరు లేచి వెళ్ళిపోయారు. చివరికి ఒకతను సబ్‌టైటిల్స్ ఆపేసి, ఇలాగే చూద్దాం అన్నాడు. ఉన్న ఆరుగురం అలాగే చూశాం.

అప్పుడు మొదలైంది అసలు సినిమా చూడటం.

చదవడానికి కింద ఏమీ లేనప్పుడు కళ్ళు మొహాల మీదే ఉంటాయి, చెవులు రిక్కించి ఉంటాయి. ముందు వినపడింది 'దఫ్తర్'. అహ్మద్ ఎవరు కనిపించినా ఆ మాట అంటాడు. చేతిలో నోట్‌బుక్ చూపిస్తూ దఫ్తర్, దఫ్తర్ అంటాడు. ఫార్సీలో నోట్‌బుక్‌ని దఫ్తర్ అంటారు. నిజాం కాలంలో మన దగ్గర ఆఫీసుకీ, కాగితాల కట్టలకీ ఆ పేరే. మా తాతగారి నోట ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఒక పెద్ద సర్కారు ఆఫీసుని గుర్తు చేసే మాటని ఎనిమిదేళ్ళ పిల్లాడు రెండు చేతులతో గుండెకి ఆనించుకుని పరుగెడుతుంటే, నాకు ఒళ్ళు జలదరించింది.

రెండోది 'మష్క్'. అంటే హోంవర్క్. అమ్మతో వాడు మాట్లాడే సీన్ చూడండి. నా సంచీలో వాడి నోట్‌బుక్ వచ్చింది, ఇచ్చి రావాలి అని చెబుతుంటాడు. ఆవిడ బట్టలు ఆరేస్తూ, పసిపిల్ల ఉయ్యాల ఊపమంటూ, మష్క్ రాసుకో, మష్క్ రాసుకుని ఆడుకో అంటూనే ఉంటుంది. వాడు నాలుగు రకాలుగా చెప్తాడు, ఆవిడ ఒకటే మాట అంటుంది. ఒక్క ముక్క ఫార్సీ రాకపోయినా ఆ సీన్ మొత్తం మాకు అర్థమైంది. ఆ అమ్మ చెడ్డది కాదు. పనిలో ఉంది. మన ఇళ్ళల్లో ఇది జరగని సాయంత్రం ఉందా?

కియరోస్తామీ ఈ సినిమా తీసింది కానూన్ అనే సంస్థ కోసం. ఇరాన్‌లో పిల్లల కోసం, కుర్రాళ్ళ కోసం పుస్తకాలు వేసే, లైబ్రరీలు నడిపే సంస్థ అది. అందులో సినిమా విభాగం మొదలైనప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. 1970లో తీసిన ఆయన మొదటి చిన్న సినిమా కూడా అక్కడిదే: రొట్టె పట్టుకుని ఇంటికెళ్తున్న పిల్లాడు, సందులో ఒక కుక్క, పది నిమిషాలు. దాదాపు ఇరవై ఏళ్ళు పిల్లల్ని చూస్తూ, పిల్లలతో తీస్తూ గడిపాడు కాబట్టే ఈ సినిమాలో ఏ పిల్లాడూ ముద్దొచ్చే మాటలు చెప్పడు. అహ్మద్‌గా వేసిన బాబక్ అహ్మద్‌పూర్, నెమత్‌జాదేగా వేసిన అహ్మద్ అహ్మద్‌పూర్, బయట అన్నదమ్ములు. నటులు కాదు, అక్కడి పిల్లలే. బాబక్ కళ్ళు చూడండి. పెద్దవాళ్ళు ఏదైనా చెబుతుంటే ఆ కళ్ళు వాళ్ళ మొహం మీద ఆగవు, పక్కకి, దారి వైపుకి పోతుంటాయి. పరుగెత్తాల్సిన పిల్లాడిని నిలబెట్టి మాట్లాడితే కళ్ళు అలాగే పోతాయి.

కొండ మీద దారి గురించి చెప్పకుండా ఈ సినిమా గురించి మాట్లాడలేం. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వంకర్లు తిరుగుతూ పైకెళ్ళే సన్నటి మట్టిదారి, పైన ఒంటరిగా ఒకే ఒక చెట్టు. ఆ దారి అక్కడ ముందు లేదు, సినిమా కోసం వేయించారు. కెమెరా దూరంగా కదలకుండా ఉంటుంది, చీమంత పిల్లాడు ఎక్కుతుంటాడు. నేరుగా ఎక్కితే నిమిషంలో అయిపోయే కొండ. పిల్లాడి లెక్కలో ఎంత పెద్దదో అంత చూపించాడు. సినిమాలో వాడు ఆ కొండ మళ్ళీ మళ్ళీ ఎక్కుతాడు, దిగుతాడు. ఒక్కసారి కూడా నాకు విసుగు రాలేదు.

ఇరాన్ అనగానే ఇసుక ఎడారి ఊహించుకునేవాళ్ళు ఈ ఊళ్ళని చూసి ఆశ్చర్యపోతారు. కోకెర్ ఉన్నది ఉత్తరాన, కాస్పియన్ సముద్రం వైపు, గీలాన్ ప్రాంతంలో. పచ్చటి కొండలు, ఆలివ్ చెట్లు, మెట్లున్న సందులు, గోడల మీద మట్టిపూత.

పోష్తేలో వాడు వెతకడం ఒక్కసారి గమనించండి. దోస్తు గోధుమరంగు ప్యాంటు వేసుకున్నాడని వాడికి గుర్తు. ఒక తీగ మీద అలాంటి ప్యాంటే ఆరేసి ఉంటుంది. ఇదే ఇల్లు అనుకుంటాడు. కాదు. నెమత్‌జాదే అని అడిగితే ఆ పక్క అంతా నెమత్‌జాదేలే. తర్వాత ఇనుప తలుపులు అమ్మే ఒకాయన పేరు నెమత్‌జాదే అని వింటాడు, గాడిద మీద వెళ్తున్న ఆయన వెంట ఊపిరి తిరక్కుండా కొండ దాటి మళ్ళీ పరుగెడతాడు. ఆ దుప్పటి తెర ముందు కూర్చున్న ఆరుగురం కూడా ఆయనే ఆ పిల్లాడి తండ్రి అనుకున్నాం. మాట అర్థం కాక మేం పొరబడ్డాం. మాట అర్థమైనా, ఎవరూ తనకి సరిగ్గా చెప్పక వాడూ పొరబడ్డాడు. ఎదురైన ముగ్గురి మీదో నలుగురి మీదో ఆధారపడి దారి వెతుక్కునే ఆ పిల్లాడిలాగే ఉన్నాం మేం కూడా ఆ గంటన్నర. సబ్‌టైటిల్స్ పనిచేసి ఉంటే ఆ అనుభవం నాకు దక్కేది కాదు.

నాలుగేళ్ళ తర్వాత ఒక ఫెస్టివల్లో పెద్ద తెర మీద, బాగు చేసిన ప్రింట్‌తో, సరైన సబ్‌టైటిల్స్‌తో మళ్ళీ చూశాను. అప్పుడు తెలిసింది ఏం పోగొట్టుకున్నానో. తాతయ్య సీన్ ఉంది. అరుగు మీద కూర్చుని మనవణ్ణి సిగరెట్లు తెమ్మని పంపిస్తాడు. మొదటిసారి చూసినప్పుడు పాపం ముసలాయన అనుకున్నాను. నిజానికి ఆయన జేబులో సిగరెట్లు ఉన్నాయి. పక్కాయనతో చెప్తాడు, పిల్లాడికి మాట వినడం అలవాటు కావాలని పంపానని. తన చిన్నప్పుడు తండ్రి వారానికో నాణెం ఇచ్చేవాడట, పదిహేను రోజులకోసారి కొట్టేవాడట. నాణెం ఇవ్వడం మర్చిపోయేవాడు గానీ కొట్టడం మాత్రం మర్చిపోలేదట. ఆ మాట చెబుతున్న ఆయన మొహంలో కోపం లేదు, ఒక రకం తృప్తి ఉంది. హాల్లో నా వెనక ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

సినిమా మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు కూడా ఆ సీన్ మీదే. అప్పటిదాకా కెమెరా పిల్లాడిని వదల్లేదు. వాడికి తెలిసిందే మనకి తెలుస్తోంది. అక్కడ మాత్రం పిల్లాడు సిగరెట్ల కోసం వెళ్ళిపోయాడు, కెమెరా తాతయ్య దగ్గర ఉండిపోయింది. డైరెక్టరు చెప్పదల్చుకున్నది ఆయన నోటితో చెప్పించినట్టయింది. మాటలు గొప్పగా ఉన్నాయి, కానీ అమ్మ సీన్లో అదే సంగతి ఇంతకంటే బాగా చూపించేశాడు అప్పటికే.

ఆ వెంటనే తలుపులాయన నోట్‌బుక్ లోంచి ఒక పేజీ చించి ఇవ్వమంటాడు, బేరం కాగితం రాసుకోవడానికి. అహ్మద్ ఇవ్వనంటాడు. అది వాడిది కాదు మరి. ఈ సినిమాలో నాకు గుండె దడదడలాడింది అక్కడే. ఒక్క పేజీ.

చీకటి పడ్డాక వాడికి దారి చూపించే ముసలాయన వస్తాడు. ఒకప్పుడు ఆ ఊళ్ళ తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగి. ఇప్పుడు అందరూ చెక్క తలుపులు పీకేసి ఇనుపవి పెట్టుకుంటున్నారు. ఫార్సీలో తలుపు 'దర్', మన దర్వాజలో మొదట ఉన్నది అదే. ఆయన నడక చాలా నెమ్మది. అహ్మద్ కాళ్ళు ఆగవు, ఆయన కాళ్ళు కదలవు. ఇక్కడ చాలామంది ఫోన్ తీస్తారని నాకు తెలుసు. తీయకండి. ఆ సందులో గోడల మీద చూడండి. లోపలి దీపం వెలుతురు కిటికీ చెక్కడాల్లోంచి పడి ఎదురు గోడ మీద ముగ్గులా వస్తుంది. ఆయన చేతి పని ఆయన పక్కనే వెలుగుతూ నడుస్తుంటుంది. పిల్లాడు చూడడు, వాడికి తొందర. మనం చూస్తాం. దారిలో ముసలాయన వాడికి ఒక పువ్వు ఇచ్చి నోట్‌బుక్‌లో పెట్టుకోమంటాడు. ఆ పువ్వు సంగతి ఇంతకంటే చెప్పను. ఆఖరి షాట్ దాకా కూర్చోండి.

సినిమా పేరు సొహ్రాబ్ సెపెహ్రీ అనే ఇరాన్ కవి కవితలోంచి వచ్చింది, సినిమాని ఆయనకే అంకితం ఇచ్చారు. ఆ కవితలో ఒక రౌతు తెల్లవారుజామున దోస్తు ఇల్లు ఎక్కడ అని అడుగుతాడు. 1989లో ఈ సినిమాకి లొకార్నో ఫెస్టివల్లో కంచు చిరుత బహుమతి వచ్చింది. ఇరాన్ బయట చాలామందికి కియరోస్తామీ పేరు తెలిసింది ఇక్కడి నుంచే. 1997లో ఇంకో సినిమాకి ఆయనకి కాన్ ఫెస్టివల్లో అన్నిటికంటే పెద్ద బహుమతి, పామ్ దోర్, వచ్చింది.

ఇంకొక సంగతి. 1990 జూన్‌లో ఈ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఊళ్ళకి ఊళ్ళు కూలిపోయాయి. కియరోస్తామీ ఆ పిల్లలు బతికున్నారో లేదో చూడ్డానికి బయల్దేరాడు. ఆ ప్రయాణమే 1992లో ఇంకో సినిమా అయింది: ఒక తండ్రీ కొడుకూ కారులో, చేతిలో ఈ మొదటి సినిమా పోస్టరు, దారిలో కనిపించిన వాళ్ళకల్లా అందులోని పిల్లాడి మొహం చూపించి వీడిని చూశారా అని అడుగుతారు. మళ్ళీ అదే ప్రశ్న, ఇల్లు ఎక్కడ. 1994లో మూడోది వచ్చింది. బాబక్, అహ్మద్ ఇద్దరూ ఆ భూకంపంలోంచి బతికి బయటపడ్డారు. ఈ రెండు సినిమాల మీద వచ్చే వారాల్లో వీడియోలు చేస్తాను, కానీ దయచేసి ముందు మొదటిది చూసి రండి.

ఇలాంటి సినిమాలు ఎక్కడ దొరుకుతాయని ఎప్పుడూ అడుగుతుంటారు. మూడు సినిమాలు కలిపి, మంచి సినిమాల డిస్కులు వేసే క్రైటీరియన్ కంపెనీ వాళ్ళు 2019లో డిస్కులు వేశారు. వీలైతే డిసెంబర్‌లో తిరువనంతపురం ఫెస్టివల్‌కి ఒకసారి వెళ్ళండి, పొద్దున తొమ్మిదింటికి ఎక్కడో దేశం సినిమాకి జనం క్యూ కట్టడం కళ్ళారా చూడాలి. మీ ఊళ్ళో ఫిల్మ్ క్లబ్ ఉంటే చేరండి, లేకపోతే తెల్ల దుప్పటి చాలు. చూసేటప్పుడు ఒక్కటి అడుగుతాను. మొదటి పది నిమిషాలు సబ్‌టైటిల్స్ ఆపేయండి. దఫ్తర్, మష్క్ మీ చెవికి వినపడతాయో లేదో కామెంట్స్‌లో చెప్పండి.

పోయిన నెల ఎనిమిదేళ్ళ మా మేనకోడలితో కలిసి మూడోసారి చూశాను. తను సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవలేదు. తలుపులాయన పేజీ చింపుతుంటే సోఫా మీద లేచి నిలబడి, అది వాడిది కాదు అని తెలుగులో అరిచింది. అంతా అయిపోయాక పువ్వు గురించి ఏమీ అనలేదు. మొదట్లో స్కూలు వదిలినప్పుడు నెమత్‌జాదే పరుగెడుతూ కింద పడతాడు, అహ్మద్ లేపి మట్టి కడిగిస్తాడు. దాని గురించి అడిగింది. "వాడు పడ్డాడు కదా మామా, దెబ్బ తగిలిందేమోనని వాళ్ళమ్మ చూసిందా?"