1923: రియోలో నల్ల చొక్కాల సీజన్

[తెర మీద: పాత నలుపు తెలుపు ఫొటో. నల్ల చొక్కాల్లో పదకొండు మంది.]

వాస్కో డ గామా అనగానే మనకు 1498, కోళికోడ్ రేవు గుర్తొస్తాయి. ఆ ప్రయాణానికి నాలుగు వందల ఏళ్లు నిండాయని 1898లో రియో డి జనీరోలో ఒక క్లబ్బుకు ఆ పేరే పెట్టారు. పెట్టినవాళ్లలో ఎక్కువమంది పోర్చుగల్ నుంచి వలస వచ్చినవాళ్లు. మొదట్లో అది పడవ పందేల క్లబ్బు. ఫుట్‌బాల్‌లోకి ఆలస్యంగా, అదీ మూడో డివిజన్ నుంచి వచ్చింది.

అప్పటికి రియోలో ఫుట్‌బాల్ దొరబాబుల ఆట. ఫ్లుమినెన్సె, బోటఫోగో, ఫ్లమెంగో... అన్నీ డబ్బున్న తెల్లవాళ్ల పిల్లల క్లబ్బులే. బంగూ లాంటి మిల్లు టీముల్లో నల్లవాళ్లు ఆడేవారు గానీ, కప్పు అక్కడిదాకా వచ్చేది కాదు. బానిసత్వం రద్దయి అప్పటికి ముప్పై అయిదేళ్లే!

[తెర మీద: 1923 పాయింట్ల పట్టిక]

1923లో వాస్కో మొదటి డివిజన్‌లో అడుగుపెట్టింది. గోల్‌కీపర్ నెల్సన్ డ కన్సెయిసావ్ టాక్సీ డ్రైవర్. మిగతా టీములో నల్లవాళ్లు, మిశ్రమ జాతివాళ్లు, పేద తెల్లవాళ్లు. కోచ్ రమోన్ ప్లాతెరో ఉరుగ్వే మనిషి. కుర్రాళ్లను తెగ పరిగెత్తించేవాడు. దాని ఫలితం సెకండాఫ్‌లో కనిపించేది: దొరబాబులు రొప్పుతుంటే వీళ్లు అప్పుడే మొదలుపెట్టినట్టు ఆడేవారు. పద్నాలుగు మ్యాచ్‌ల్లో పదకొండు గెలుపులు, రెండు డ్రాలు. ఓడింది ఒక్కటే, 3-2తో ఫ్లమెంగో చేతిలో. వచ్చిన ఏడాదే కప్పు కొట్టేశారు.

రూలు ప్రకారం ఆటగాళ్లకు జీతం ఇవ్వకూడదు. అందుకని పోర్చుగీసు వ్యాపారులు వాళ్లను తమ కొట్లలో పనివాళ్లుగా రాయించారు. గెలిస్తే చేతిలో పెట్టే డబ్బుకు జంతువుల పేర్లు! కుక్క అంటే చిన్న మొత్తం, ఆవు అంటే పెద్దది. గెలుపు బోనస్‌ను బ్రెజిల్‌లో ఈ రోజుకీ 'బిషో' అంటారు, అంటే జంతువు.

పెద్ద క్లబ్బులకు ఇది మింగుడు పడలేదు. 1924లో బయటికొచ్చి ఆమెయా అని కొత్త లీగ్ పెట్టుకున్నాయి. వాస్కోని కూడా రమ్మన్నారు, ఒక షరతు మీద: పన్నెండు మంది ఆటగాళ్లను తీసెయ్యాలి. నల్లవాళ్లు వద్దని కాగితం మీద ఎక్కడా లేదు. ఏం పని చేస్తావు, చదవడం రాయడం వచ్చా, మీ క్లబ్బుకు సొంత మైదానం ఉందా... ఇవీ అడిగినవి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఒళ్లు మండేది ఇక్కడే. ఒంటి రంగు గురించి ఒక్క మాట అనకుండానే పని కానిచ్చేయొచ్చు.

[తెర మీద: టైపు చేసిన ఉత్తరం, తేదీ 1924 ఏప్రిల్ 7]

క్లబ్ అధ్యక్షుడు జోసే అగస్తో ప్రెస్తెస్ జవాబు రాశాడు. సారాంశం ఇది: వీళ్లంతా ఇప్పుడిప్పుడే ఆటలోకి వస్తున్న కుర్రాళ్లు, మాకు కప్పు తెచ్చినవాళ్లు. వాళ్లకు మచ్చ తెచ్చే పని మేం చెయ్యం, మీ లీగ్‌లో చేరం. ఆ ఏడాది పాత లీగ్‌లోనే ఆడి అక్కడా కప్పు కొట్టారు. 1925లో ఆమెయానే దిగొచ్చి వాస్కోని చేర్చుకుంది.

మైదానం లేదన్నారు కదా? అభిమానుల చందాలతో స్టేడియం కట్టేశారు. సావ్ జనువారియో, 1927 ఏప్రిల్ 21న తెరిచారు. అప్పటికి దక్షిణ అమెరికాలో అదే పెద్దది. మొదటి మ్యాచ్ శాంతోస్‌తో.

గృహప్రవేశం నాడే 5-3తో ఓడిపోయారు!