గోల్ పడని నెలలు

(వేసవి ఫుట్‌బాల్ శిబిరం ముగింపు సభలో ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, శిబిరం నడిపిన కోచ్‌లకు, తెల్లారకముందే పిల్లల్ని లేపి ఇక్కడ దింపి వెళ్లిన తల్లిదండ్రులకు వందనాలు. పేరుపేరునా చెప్పాలంటే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, పెద్దలు మన్నించాలి. నాకిచ్చిన అంశం 'క్రీడలు – క్రమశిక్షణ'. నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు దాని గురించి బాగా చెప్పారు. నేను ఒక మనిషి గురించి చెబుతాను.

అర్జెంటీనా మనిషి. ఇక్కడ సగం మంది పిల్లలు మెస్సీ జెర్సీలోనే ఉన్నారు కాబట్టి ఆయన గురించే అనుకుంటారు. కాదు. ఆయన పేరు హెర్నన్ క్రెస్పో. 1975లో బ్యూనస్ ఐరెస్ పక్కన పుట్టాడు. స్ట్రైకర్‌గా ఆడాడు, తర్వాత కోచ్ అయ్యాడు. ఈ రెండింటి మధ్య జరిగిందే నేను చెప్పాలనుకున్నది.

1993లో పద్దెనిమిదేళ్ల వయసులో రివర్ ప్లేట్ క్లబ్ తరఫున దిగాడు. అప్పుడు అక్కడ కోచ్ పస్సరెల్లా, 1978లో అర్జెంటీనా వరల్డ్ కప్ గెలిచినప్పటి కెప్టెన్. చూడటానికి పాత అర్జెంటీనా స్ట్రైకర్ హోర్హే వల్దానోలా ఉన్నాడని కుర్రాణ్ని 'వల్దానితో', అంటే చిన్న వల్దానో అని పిలిచేవాళ్లు. 1996లో దక్షిణ అమెరికా క్లబ్బులన్నిటికీ పెద్ద కప్పయిన లిబెర్తదోరెస్ ఫైనల్, రెండు మ్యాచ్‌లుగా. మొదటి మ్యాచ్‌లో కొలంబియా క్లబ్ అమెరికా దె కాలీ మీద రివర్ 1–0తో ఓడింది. రెండో మ్యాచ్ సొంత స్టేడియంలో. 2–0తో గెలిచారు, రెండు గోల్సూ క్రెస్పోవే. అదే ఏడాది అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆరు గోల్స్ కొట్టి, బ్రెజిల్ బెబెతోతో పాటు టాప్ స్కోరర్. ఫైనల్లో నైజీరియా చేతిలో ఓడి వెండి పతకం.

అంతా బాగుంది కదా. ఇప్పుడు వినండి. ఆ వెంటనే ఇటలీలోని పార్మా క్లబ్ ఆయన్ని కొనుక్కుంది. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, కొత్త దేశం, కొత్త భాష. గోల్ పడలేదు. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, నెలల తరబడి పడలేదు. సొంత ప్రేక్షకులే ఈలలు వేసి గేలి చేశారు. అప్పటి పార్మా కోచ్ కార్లో అంచెలోట్టి. ఇవాళ ఆ పేరు ప్రపంచమంతా తెలుసు గానీ, అప్పటికి ఆయన కోచ్‌గా కొత్తవాడే, ఆయన ఉద్యోగానికే గ్యారంటీ లేదు. అలాంటి మనిషి ఆ కుర్రాణ్ని టీమ్‌లోంచి తియ్యలేదు. మళ్లీ ఆడించాడు. గోల్ పడకపోతే ఇంకోసారి ఆడించాడు. సీజన్ ముగిసేసరికి క్రెస్పో లీగ్‌లో పన్నెండు గోల్స్ కొట్టాడు. పార్మా రెండో స్థానంలో నిలిచింది, చాంపియన్ యువెంటస్ కన్నా రెండే పాయింట్లు తక్కువ.

తల్లులూ, తండ్రులూ, దయచేసి ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. ఆ నెలల్లో అంచెలోట్టి క్రెస్పోని పక్కన పెట్టి ఉంటే, తర్వాత నేను చెప్పబోయేవేవీ ఉండేవి కావు.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేశాను. పేరు అక్కర్లేదు. అక్కడ తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడుండేవాడు, ఫార్వర్డ్. బాల్ కాలి దగ్గరికొస్తే వాడికి ఒళ్లంతా కళ్లే. జిల్లా టోర్నమెంట్‌లో మొదటి మ్యాచ్ ఓడాం, వాడు పెనాల్టీ మిస్ చేశాడు. మర్నాడు యాజమాన్యం నన్ను పిలిచి, "ఆ అబ్బాయిని తీసేయండి మాస్టారూ, స్కూలు పరువు పోయింది" అన్నారు. కుదరదన్నాను. ఆ నెలాఖరుకి ఫుట్‌బాల్ పీరియడ్ ఎత్తేసి స్టడీ అవర్ పెట్టారు, నన్ను దానికి సూపర్‌వైజర్‌ని చేశారు. గ్రౌండ్‌లో స్కూలు బస్సులు పెట్టుకున్నారు. ఆ పిల్లాడు మళ్లీ బూట్లు కట్టలేదు. ఒక పెనాల్టీకి, ఒకే ఒక్క పెనాల్టీకి!

క్రెస్పో కూడా మిస్ చేశాడండీ. 1998 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్ మీద పెనాల్టీ షూటౌట్‌లో ఆయన కొట్టిన బంతిని వాళ్ల గోల్‌కీపర్ సీమన్ ఆపేశాడు. అయినా అర్జెంటీనా గెలిచింది, ఆయన్ని ఎవరూ ఇంటికి పంపలేదు. మరుసటి ఏడాదే పార్మాతో యూరప్ క్లబ్బుల యూఫా కప్ ఫైనల్, మాస్కోలో, ఫ్రాన్స్ క్లబ్ మార్సెయ్ మీద. 3–0. మొదటి గోల్ ఎవరిది? క్రెస్పోదే.

2000లో లాజియో క్లబ్ ఆయన్ని కొన్న ధర అప్పటికి ప్రపంచ రికార్డు. డబ్బు లెక్కలు నాకు ముఖ్యం కాదు గానీ, అక్కడి మొదటి సీజన్‌లోనే 26 గోల్స్‌తో ఇటలీ లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. తర్వాత ఇంటర్ మిలాన్, ఆ తర్వాత చెల్సీ. వాటి గురించి ఎక్కువ చెప్పను, పిల్లలు ఫోన్లలో చూసుకుంటారు.

దేశం తరఫున మాత్రం ఆయన చాలాకాలం ఒకరి వెనకే నిలబడ్డాడు. ఆ ఒకరు అర్జెంటీనా స్టార్ స్ట్రైకర్ బతిస్తుతా. 2002 వరల్డ్ కప్ క్వాలిఫయర్లలో తొమ్మిది గోల్స్‌తో దక్షిణ అమెరికా మొత్తంలో క్రెస్పోదే మొదటి స్థానం. అయినా అసలు టోర్నమెంట్‌లో కోచ్ బియెల్సా ఇద్దరు స్ట్రైకర్లని కలిపి ఆడించలేదు. బతిస్తుతా బయటికొస్తే క్రెస్పో లోపలికెళ్లేవాడు. స్వీడన్ మీద 88వ నిమిషంలో గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు, అయినా అర్జెంటీనా మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చింది. సబ్‌స్టిట్యూట్లుగా కూర్చునే పిల్లలూ, మీకోసమే చెబుతున్నాను ఇది. 64 మ్యాచ్‌లు, 35 గోల్స్. బెంచ్ మీద కూర్చుని కూర్చుని సాధించిన లెక్క ఇది.

2006 వరల్డ్ కప్‌లో ఆయన వంతు వచ్చింది. సెర్బియా–మాంటెనెగ్రో మీద ఆయన జట్టువాడు కాంబియాసో కొట్టిన గోల్ చూశారా? ఇరవైకి పైగా పాస్‌లు. చివరి పాస్ క్రెస్పోది, మడమతో వెనక్కి. స్ట్రైకర్ అనేవాడు గోల్ ముందు నిలబడి సొంతంగా కొట్టాలని చూస్తాడు. ఆయన తన కాలి దగ్గరున్న బంతిని వెనక నుంచి పరిగెత్తుకొస్తున్నవాడికి ఇచ్చాడు. కోచ్ కాబోయే మనిషి నాకు అక్కడే కనబడ్డాడు.

ఇస్తాంబుల్ సంగతి చెప్పకుండా కూర్చోలేను. ఈ సభలో పెద్దవాళ్లలో కొందరు ఆ రాత్రి మేలుకునే ఉంటారు. 2005 మే 25, యూరప్ క్లబ్బులన్నిటికీ పెద్ద కప్పయిన చాంపియన్స్ లీగ్ ఫైనల్, ఇటలీ ఏసీ మిలాన్, ఇంగ్లండ్ లివర్‌పూల్. మిలాన్ కోచ్ ఎవరు? అదే అంచెలోట్టి. చెల్సీ నుంచి క్రెస్పోని అరువు తెప్పించుకున్నాడు. మొదటి నిమిషంలోనే మిలాన్ కెప్టెన్ మల్దీనీ గోల్. తర్వాత హాఫ్‌టైమ్ లోపే క్రెస్పో రెండు. ఆ రెండోది! కకా సగం గ్రౌండ్ అవతల నుంచి బంతి పంపాడు, క్రెస్పో దాన్ని ఆపను కూడా ఆపకుండా, ముందుకొస్తున్న గోల్‌కీపర్ మీదుగా అలా లేపి వేశాడు. 3–0. నా దృష్టిలో ఒక ఫైనల్లో ఒక స్ట్రైకర్ అంతకన్నా బాగా ఆడలేడు.

సెకండ్ హాఫ్‌లో ఆరేడు నిమిషాల వ్యవధిలో లివర్‌పూల్ మూడు కొట్టింది. 85వ నిమిషంలో క్రెస్పోని బయటికి పిలిచారు. పెనాల్టీలు ఆయన బెంచ్ మీంచి చూడాల్సి వచ్చింది. మిలాన్ ఓడింది. రెండు గోల్స్ కొట్టినవాడు ఓడిపోయిన జట్టులో మిగిలిపోయాడు. మరుసటి ఏడాది వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్లో జర్మనీ మీదా అంతే: 79వ నిమిషంలో బయటికి, పెనాల్టీల్లో ఓటమి, తను బెంచ్ మీద.

ఇక్కడ మన దేశం వస్తుంది. వస్తుందని మీరు అనుకొని ఉండరు. 2012 జనవరిలో కోల్‌కతాలో ఒక వేలంపాట జరిగింది. బెంగాల్‌లో కొత్త ఫుట్‌బాల్ లీగ్ అన్నారు. ఇటలీ కెప్టెన్‌గా వరల్డ్ కప్ ఎత్తిన కన్నవారో, ఫ్రాన్స్ పిరెస్, ఇంకా కొందరు పెద్దల పేర్లు పాటలో పెట్టారు. అందరికన్నా ఎక్కువ ధర క్రెస్పోకే పలికింది. బారాసాత్ టీమ్ 8,40,000 డాలర్లు పాడింది. అప్పటి రేటులో నాలుగు కోట్ల రూపాయల పైమాటే. లీగ్ వాయిదా పడింది, మళ్లీ వాయిదా పడింది, చివరికి జరగనే లేదు. ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు.

నాకు కోపం ఆ డబ్బు మీద కాదు. ముప్పై ఆరేళ్ల స్ట్రైకర్‌ని పోస్టర్ మీద బొమ్మ కోసం కొన్నారు. "అయ్యా, మీరు అంచెలోట్టి దగ్గర నేర్చుకున్నది మా పిల్లలకు నేర్పండి, మా కోచ్‌లతో ఒక ఏడాది కూర్చోండి" అని అడగాలని ఎవరికీ తట్టలేదు. మన జిల్లాల్లో కోచ్ పోస్టులు ఖాళీగా ఉంటాయి. ఉన్న కోచ్ సొంత డబ్బుతో బంతులు కొంటాడు. గోలీల సంచీ మోసినట్టు ఒక్కడే బంతుల సంచీ మోసుకుంటూ బస్సెక్కుతాడు. ఇక్కడ కూర్చున్న కోచ్‌లు కాదంటారేమో చెప్పమనండి!

మనకి కోచ్ విలువ తెలియనిదా? హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడి పంతులు. ఆయన చేతి కింద మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన కళ్లబడ్డవాడే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలరాం హంగరీ మీద గోల్ కొట్టాడు, దక్షిణ అమెరికా జట్టు పెరూ మీదా కొట్టాడు. మన అమ్ముగూడ కుర్రాడు, పెరూ మీద! ఇది చెబితే ఇవాళ మన పిల్లలు నమ్మరు.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. అయిదు నిమిషాలు ఇవ్వండి. అసలు చెప్పాల్సింది ఇప్పుడే మొదలైంది.

ఆట మానేశాక క్రెస్పో పార్మాలో కుర్రాళ్ల జట్టుకి కోచ్ అయ్యాడు. ఆ సీజన్‌లోనే క్లబ్ దివాలా తీసింది. తర్వాత ఇటలీ రెండో డివిజన్‌లో మోదెనా. ఏడాది తిరక్కుండానే, 2016 మార్చిలో తీసేశారు. టాప్ స్కోరర్‌కి ప్రపంచ రికార్డు ధర పలికింది గానీ, కోచ్‌గా ఎవరూ ఎగబడి పిలవలేదు. అర్జెంటీనా తిరిగొచ్చి బాన్‌ఫీల్డ్‌లో చేరితే అక్కడా నిలబడలేదు. మళ్లీ పార్మా మొదటి నెలల్లాగే. గోల్ పడటం లేదు.

2020లో ఒక చిన్న క్లబ్ పిలిచింది. పేరు దెఫెన్సా ఈ హుస్తీసియా, బ్యూనస్ ఐరెస్ దక్షిణాన ఫ్లోరెన్సియో వరేలా అనే ఊరిది. 1935లో పెట్టిన ఆ క్లబ్ మొదటిసారి టాప్ డివిజన్‌కి వచ్చింది 2014లో. పెద్ద కప్పు ఒక్కటి కూడా లేదు. ఆ జట్టుతో 2021 జనవరిలో కోర్డోబాలో దక్షిణ అమెరికా క్లబ్బుల రెండో పెద్ద కప్పయిన కోపా సుదమెరికానా ఫైనల్ ఆడించి, మరో అర్జెంటీనా క్లబ్ లానుస్‌ని 3–0తో ఓడించాడు. కోవిడ్ రోజులు, గ్యాలరీలు ఖాళీ. నెల తిరిగేసరికి బ్రెజిల్‌లో సావో పాలో క్లబ్ తీసుకెళ్లింది. మే నెలలో అదే ఊరి పోటీ క్లబ్ పాల్మెయిరాస్‌ని ఓడించి రాష్ట్ర చాంపియన్‌షిప్ ఇచ్చాడు. 2012 తర్వాత ఆ క్లబ్‌కి వచ్చిన మొదటి టైటిల్ అది. అక్టోబర్‌కి ఆయన్ని పంపేశారు. అయిదు నెలలు కూడా ఆగలేదు!

తర్వాత ఖతార్‌లో అల్ దుహైల్, ఆపైన యూఏఈలో అల్ ఐన్. మన తెలుగువాళ్లు బోలెడు మంది పనిచేసే దేశం కదా, ఈ కథ వాళ్లకి బాగా తెలుసు. 2024 ఆసియా చాంపియన్స్ లీగ్. క్వార్టర్ ఫైనల్లో రొనాల్డో ఆడే అల్ నస్ర్‌ని పెనాల్టీల్లో గెలిచారు. సెమీస్‌లో అల్ హిలాల్. వరసగా 34 మ్యాచ్‌లు గెలిచి ప్రపంచ రికార్డు మీదున్న జట్టు. మొదటి మ్యాచ్‌లో అల్ ఐన్ 4–2తో ఆ వరసకి అడ్డుకట్ట వేసింది, వాళ్ల సోఫియాన్ రహీమీది హ్యాట్రిక్. ఫైనల్ జపాన్ జట్టు యోకోహామా మీద. మొదటి మ్యాచ్ అక్కడ 2–1తో ఓడారు.

రెండో మ్యాచ్ అల్ ఐన్‌లో. తేదీ 2024 మే 25. ఇస్తాంబుల్ జరిగింది మే 25నే, పందొమ్మిదేళ్ల కింద. అవతలి జట్టు కోచ్ ఎవరో తెలుసా? హ్యారీ క్యూయెల్. ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్ జెర్సీ వేసుకుని దిగి, గాయంతో మధ్యలో వెళ్లిపోయినవాడు. వాళ్ల గోల్‌కీపర్‌కి రెడ్ కార్డు పడింది, అదీ నిజమే. అల్ ఐన్ 5–1తో గెలిచింది. 2003 తర్వాత ఆసియా కప్పు మళ్లీ ఆ ఊరికి వచ్చింది. టచ్‌లైన్ పక్కన నిలబడి ఉన్నది క్రెస్పో. ఈసారి కప్పు ఆయన వైపు.

నవంబర్ వచ్చేసరికి ఆయన్ని మళ్లీ తీసేశారు. ఆసియా చాంపియన్ కోచ్‌ని, ఆరు నెలలకే. 2025లో సావో పాలో క్లబ్బే ఆయన్ని రెండోసారి పిలిచింది.

అందుకే శిబిరం నిర్వాహకులని వేదిక మీదే అడుగుతున్నాను. రేపు మీరు జిల్లా జట్టు లిస్టు చదువుతారు. పద్దెనిమిది మంది పేర్లుంటాయి. మిగిలినవాళ్లకి కూడా వర్షాకాలం అంతా ఈ గ్రౌండ్ తెరిచి ఉంచండి. గేటు తాళం నా దగ్గర పెట్టినా సరే, ఉదయం ఆరింటికి నేను తీస్తాను. తల్లిదండ్రులు ఒక్క సీజన్ నాకివ్వండి, మొదటి మ్యాచ్ ఓడిపోయినా పిల్లల్ని మాన్పించకండి. పేరు రాని పిల్లలు రేపు లిస్టు చదివాక ఆ వేపచెట్టు దగ్గరికి రండి. మీ పేర్లు, మీరు ఆడే స్థానాలు రాసుకుంటాను. గోల్‌కీపర్లు కూడా రండి, మనకి ఇద్దరు కావాలి.