నలుగురు డాన్సర్లు, ఒక పోస్టర్

శ్రోతలకు నమస్కారం. రేడియోలో బొమ్మ గురించి మాట్లాడటమేంటి అనుకోకండి, నేను చెప్తూ పోతాను, మీరు ఊహించుకుంటూ రండి. అడ్డంగా ఉన్న పెద్ద కాగితం. దాని మీద నలుగురు ఆడవాళ్లు వరసగా నిలబడి, తెల్లటి కుచ్చుల లంగాలు రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, నల్ల మేజోళ్ల కాళ్లు గాల్లోకి విసురుతున్నారు. ప్యారిస్‌ని ఊపేసిన క్యాన్‌క్యాన్ డాన్స్ అది. గీసింది ఫ్రెంచ్ చిత్రకారుడు తులూజ్ లోత్రెక్, 1896లో.

బృందం పేరు నలుగురిలో ఒకరైన ఎగ్లాంతీన్‌ది. కానీ ఈ పోస్టర్ వెనక ఉన్నది ఇంకో డాన్సర్, జేన్ అవ్రిల్! లండన్‌లోని ప్యాలెస్ థియేటర్‌లో ఆడబోతున్నాం, మాకో పోస్టర్ వేసిపెట్టు అని లోత్రెక్‌కి ఉత్తరం రాసింది ఈవిడే మరి. బొమ్మలో ఎడమ చివర ఉంటుంది. మిగతా ముగ్గురూ ఒక జట్టులా కనిపిస్తారు గానీ ఈమె ఎందుకో వాళ్లతో కలవనట్టే ఉంటుంది, నాకైతే అలాగే అనిపిస్తుంది. జేన్ కథ కూడా మామూలుది కాదు, చిన్న వయసులోనే నరాల జబ్బుతో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో ఉండి, తర్వాత డాన్సులోకి వచ్చి, ప్యారిస్‌లోని మూలాఁ రూజ్ అనే డాన్స్ హాల్లో పేరు తెచ్చుకుంది.

ఇక అచ్చు సంగతి. ఇది లిథోగ్రఫీ, అంటే రాతి అచ్చు. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు ఉన్న క్రేయాన్‌తోనో సిరాతోనో గీస్తారు, రాయిని తడుపుతారు, ఆపైన రంగు రుద్దితే జిడ్డు ఉన్నచోటే పట్టుకుంటుంది, తడి ఉన్నచోట పట్టదు. మామూలుగా ఒక్కో రంగుకీ ఒక్కో రాయి కావాలి. లోత్రెక్ గడుసుతనం ఎక్కడంటే, ఆ లంగాల తెలుపు రంగే కాదు, అది వట్టి కాగితం! నాలుగు గీతలు గీసి మిగతాది ఖాళీగా వదిలేశాడు, అయినా గుడ్డ గలగలలాడుతున్నట్టే ఉంటుంది. మన ఇళ్లలో కనిపించే రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలు ఉన్నాయి చూశారూ, బొంబాయిలో 1894లో పెట్టిన ఆయన ప్రెస్‌లో వాటిని అచ్చు వేసిందీ రాతి మీదే.

లండన్ యాత్ర మాత్రం అనుకున్నట్టు సాగలేదు. డాన్సర్ల మధ్య గొడవలొచ్చాయి. పోస్టర్‌కి మాత్రం ఆ బాధ లేదు. అప్పటికి ప్యారిస్‌లో పోస్టర్ల పిచ్చి బాగా ముదిరి ఉంది. 1881 పత్రికా చట్టం గోడలకు అంటించడాన్ని సులువు చేశాక ఊరంతా రంగుల కాగితాలే. వాటిని గోడల మీంచి గుట్టుగా ఊడబీక్కుపోయేవాళ్లు కొందరైతే, కొత్త కాపీలు కొని దాచుకునేవాళ్లు ఇంకొందరు, దాంతో గోడ ముఖమే చూడని పోస్టర్లు దుకాణాల్లో అమ్ముడయ్యేవి.